డిఫికల్టీ స్లైడర్ గారికి జమ్మలమడుగు నుంచి విన్నపం

మహారాజశ్రీ డిఫికల్టీ స్లైడర్ గారికి,
కేరాఫ్ సెట్టింగ్స్ మెనూ, సబ్‌టైటిల్స్ పక్క వీధి.

జమ్మలమడుగు నుంచి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. ఇది మే నెల, పైగా కడప జిల్లా. కాబట్టి క్షేమం అన్న మాటను ఆ మేరకు తగ్గించి చదువుకోగలరు.

వీడియో గేమ్ ఎంత కష్టంగా ఉండాలో ఎంచుకునే మీట తమరే కదా. ముందుగా మీ తొందర గురించి. కత్తీ మంత్రమూ ఉన్న ఏ ఆట మొదలుపెట్టినా, హీరో ఇంకా చెప్పులు కూడా తొడుక్కోకముందే, మేము ఒక్క తోడేలు మొహమైనా చూడకముందే, మీరు ఎదురొచ్చి నిలబడతారు. ఈజీయా, నార్మలా, హార్డా? దేనితో పోల్చుకుని చెప్పమంటారు సార్? ఆట ఎలా ఉంటుందో మాకు తెలియదు, మేము ఎలా ఆడతామో మీకు తెలియదు. ఇద్దరు అమాయకులు కలిసి అరవై గంటల భవిష్యత్తు మీద సంతకం పెట్టడమే ఇది.

పోనీ మర్యాదగా అడుగుతారా అంటే అదీ లేదు. 1992 నాటి వుల్ఫెన్‌స్టైన్ 3డి తుపాకుల ఆటే గానీ, మీ వంశంలో పెద్ద తలకాయ. అందులో అన్నిటికంటే సులువైన మెట్టు దగ్గరికి వెళ్తే హీరో తలకు పసిపిల్లల టోపీ, నోట్లో పాలపీక పెట్టి చూపించేవారు. 2015లో ది విచర్ 3 వచ్చేసరికి టోపీ తీసేశారు. కానీ సులువైనదానికి 'జస్ట్ ద స్టోరీ' అనీ, కఠినమైనదానికి 'డెత్ మార్చ్' అనీ పేర్లు పెట్టారు. ఒకరు కథ వినడానికి వచ్చినట్టు, ఇంకొకరు ఊరి కోసం ప్రాణమివ్వడానికి వచ్చినట్టు. మా అన్న కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. నా వెనక నిలబడి, "ఏం చిన్నాయనా, ఆట ఆడుతుండావా, సీరియల్ చూస్తుండావా?" అంటాడు. రోజంతా పని చేసొచ్చి, అన్నం తిని, నిద్రకు ముందు మిగిలిన కాస్త సమయంలో ఒక రాక్షసుణ్ణి చంపుకుందామనుకునే మనిషికి మీరు శౌర్యపరీక్ష పెట్టి, ఫలితాలు ఇంట్లోవాళ్లకు కనబడేలా అంటించారు.

అసలు మీరు కూర్చున్న కుర్చీ మీది కాదు. 1974లో, కంప్యూటర్ లేకుండా బల్ల చుట్టూ కూర్చుని ఆడే డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ అచ్చయినప్పుడు ఆ కుర్చీలో మనిషి ఉండేవాడు. డన్‌జన్ మాస్టర్ అంటారు. ఎదురుగా కూర్చున్న ఆటగాళ్లు దిగాలుపడితే పొదలో ఉన్న గోబ్లిన్‌లనే చిట్టి రాక్షసులను గుట్టుచప్పుడు కాకుండా ఇంటికి పంపేసేవాడు. మరీ ఎగిరెగిరి పడుతుంటే ఇంకో నలుగుర్ని పిలిపించేవాడు. మొహాలు చూసి ఆట నడపడం ఆయన పని. కంప్యూటర్‌కు ఆ కళ్లు లేవు గనక మిమ్మల్ని తెచ్చి కూర్చోబెట్టారు. మీకూ కళ్లు లేవు. ఎక్కాలు మాత్రం వచ్చు.

ఆ ఎక్కాలే నా ప్రధాన ఫిర్యాదు. స్కైరిమ్ అనే ఆట 2011లో వచ్చింది, దానికి 'లెజెండరీ' అనే పై మెట్టు 2013లో చేరింది. ఆ మెట్టులో మీరు చేసే ఘనకార్యం ఏమిటయ్యా అంటే, మేము కొట్టే దెబ్బను పావు వంతు చేస్తారు, మేము తినే దెబ్బను మూడు రెట్లు చేస్తారు. అంతే. దొంగకు తెలివి పెరగదు. పక్కవాడు పడిపోయినా దాక్కోవాలని తోచదు. అదే పరుగు, అవే కేకలు. ఇదివరకు నాలుగు దెబ్బలకు పోయేవాడు ఇప్పుడు పదహారు తిని పోతాడు. దీన్ని మీరు కష్టం అంటున్నారు, మా వైపు దీన్ని సాగదీయడం అంటారు. మా కారం దోశ హోటళ్లు రెండు రకాలు. "కారం ఎక్కువెయ్యన్నా" అంటే ఒకాయన ఉల్లిపాయా వెల్లుల్లీ నూరేటప్పుడే ఎండుమిర్చి పెంచుతాడు. ఇంకొకాయన అయిపోయిన దోశ మీద డబ్బాలోంచి మిరప్పొడి దులుపుతాడు. తమరు ఆ డబ్బా పార్టీ.

పైగా మీ మూడు రెట్ల దెబ్బకు విరుగుడు ఆ ఆటలోనే ఉంది. మెనూ తెరిస్తే కాలం ఆగిపోతుంది. డ్రాగన్ నోరు తెరిచి, నిప్పు సగం బయటికొచ్చి ఆగి ఉంటుంది. ఆ సందులో మన వీరుడు సంచి విప్పి, చక్రాలంత చీజ్ ముద్దలు ఒకదాని తర్వాత ఒకటి మింగేసి, మూతి తుడుచుకుని లేస్తాడు. మీరు గుణించుకుంటూ పోతుంటే ఆయన తింటూ పోతున్నాడు. ఈ యుద్ధంలో ఓడిపోతున్నది పాపం ఆ డ్రాగన్ సహనం ఒక్కటే.

మీకొక దూరపు చుట్టం ఉన్నాడు, ఆయన సంగతీ చెప్పాలి. 2006 నాటి ఆబ్లివియన్‌లో మేము పెరిగేకొద్దీ లోకం కూడా పెరుగుతుంది. కష్టపడి లెవెల్ పెంచుకుని, మంచి కత్తి సంపాదించి రోడ్డెక్కితే, దారిదోపిడీ దొంగ కూడా అపురూపమైన గ్లాస్ కవచం తొడుక్కుని ఎదురొస్తాడు. వచ్చి 100 బంగారు నాణేలు ఇమ్మంటాడు. నాయనా, నీ ఒంటి మీదున్న సరుకు అమ్ముకుంటే ప్రొద్దుటూరు బంగారం బజారులో కొట్టు పెట్టుకోవచ్చు, ఈ ఎండలో నీకెందుకీ వృత్తి? మేము సిద్ధపడిన ప్రతిసారీ శత్రువు కూడా అంతే సిద్ధపడి వస్తే, సిద్ధపడటమెందుకు? ఇంట్లో పడుకున్నా ఒక్కటే గదా.

ఇక్కడే మా గండికోట సంగతి చెబుతాను. జమ్మలమడుగుకు దగ్గరే. వచ్చేవాళ్లంతా నేరుగా పెన్నా లోయ దగ్గరికి పోయి సెల్ఫీలు దిగుతారు. లోపల ఒక పెద్ద ధాన్యాగారం ఉంది, కోనేరు ఉంది. వాటి ముందు ఆగేవాళ్లు తక్కువ. ఒక పక్క లోయ, మిగతా పక్కల గోడ అమర్చుకున్న ఆ పెద్దలకు కూడా గింజలు ఎక్కడ దాచాలి, నీళ్లు ఎక్కడ నిలపాలి అన్న ఆలోచన ఉంది. యుద్ధంలో మీకు కత్తి దూశాక జరిగేదే కనబడుతుంది. దానికి ముందు జరిగేదంతా మీ లెక్కలోకి రాదు.

వచ్చేలా చేసిన ఆటలు లేకపోలేదు. 2011 నాటి ది విచర్ 2లో పోషన్లు, అంటే బలమిచ్చే మందులు, ధ్యానంలో కూర్చున్నప్పుడే తాగాలి, కొట్లాట మధ్యలో కుదరదు. వినడానికి ఎంత బాగుంది! కానీ తలుపు అవతల ఏముందో చెప్పకుండా ముందే తాగి రమ్మంటే ఏం తాగాలి? దేనికో తెలియకుండా తాగితే, ఆ పోషన్ కాస్తా ఎవడితోనో కబుర్లు చెబుతుండగానే దిగిపోతుంది. తర్వాతి ఆటలో ఆ షరతు తీసేశారు. కానీ అసలైనదాన్ని పెంచారు, అదే సమాచారం. ఊళ్లో నలుగుర్నీ అడిగి, అడుగుజాడలు చూసి, వచ్చింది గ్రిఫిన్ అనే రెక్కల రాక్షసి అని తేల్చుకుంటే, దానికోసం కత్తికి ఏ తైలం పూయాలో, ఏ బాంబు వేయాలో పుస్తకంలో దొరుకుతుంది. మనుషులకు ఉక్కు కత్తి, రాక్షసులకు వెండి కత్తి. అయితే మీ కింది మెట్ల మీద ఆ పుస్తకం తెరవకపోయినా గ్రిఫిన్ చచ్చిపోతుంది. అందుకే చాలామందికి ఆ ఆటలో తైలాలు ఉన్నాయనే తెలియదు.

2018 నాటి పాత్‌ఫైండర్: కింగ్‌మేకర్ అయితే నిర్దయగా పాఠం చెబుతుంది. మొదట్లోనే పళ్లు కోసుకురమ్మని ఒక గుహకు పంపుతారు. లోపల సాలీళ్ల గుంపులు. వాటికి కత్తి తగలదు, నిప్పు తగులుతుంది. నిప్పు పట్టుకెళ్లనివాడు ఎంత వీరుడైనా చీమలపుట్ట మీద కూర్చున్నట్టే. అది చూసి మావాడు, "చిన్నాయనా, ఇది అన్యాయం" అన్నాడు. అన్యాయమేరా, ముందుగా ఒక్కమాట చెప్పి ఉంటే న్యాయమయ్యేది. తేడా అంతా ఆ ఒక్కమాటలోనే ఉంది.

ఇక మిమ్మల్ని గడప తొక్కనివ్వని ఇల్లు ఒకటుంది, ఎల్డెన్ రింగ్. 2022లో వచ్చింది. ఈజీ లేదు, హార్డ్ లేదు, పాజ్ కూడా లేదు. ఎండాకాలం మా కరెంటుకూ ఆ ఆటకూ బాగా కుదిరింది, రెండూ చెప్పి ఆగవు. దాన్ని ఆడినవాళ్లు ఊళ్లో కాస్త ఛాతీ విరుచుకుని నడుస్తారు. కానీ లోగుట్టు ఏమిటంటే, అక్కడ మీ పని దేశపటం చేస్తుంది. కోట వాకిట్లో మార్గిట్ అనేవాడు కర్ర తిప్పుతూ నిలబడి ఉంటాడు. వాడితో పడలేకపోతే దక్షిణంగా వీపింగ్ పెనిన్సులా వైపు దిగిపోయి, నాలుగు చోట్ల తిరిగి, ఆయుధం పదునుపెట్టుకుని, ఆత్మలను తోడు తెచ్చుకుని మళ్లీ రావచ్చు. ఎవడూ టోపీ పెట్టడు, ఎవడూ పాలపీక ఇవ్వడు. సులువు చేసుకున్నామని ఆడేవాడికే తెలియదు. మీకన్నా ఆ రోడ్డుకు సంస్కారం ఎక్కువ.

మీలో మార్పు రాదని కూడా నేను అనను. 2023 నాటి బాల్డర్స్ గేట్ 3లో మీరు కొంచెం బాగుపడ్డారు. రాత్రి మజిలీ చేసి పూర్తిగా కోలుకోవాలంటే మామూలుగా 40 పాళ్ల సరుకులు కావాలి, 'టాక్టీషియన్' మెట్టులో 80 కావాలి. శత్రువు ఒంట్లో రక్తం పెంచడంతో ఆగకుండా మా వంటింటి మీద చెయ్యి వేశారు. శభాష్! ఇప్పుడు ప్రతి గదిలో ఉల్లిగడ్డలూ ఆపిళ్లూ ఏరుకుంటూ తిరుగుతున్నాం. అందులోనే ఇంకో సదుపాయం ఉంది. మాటలు మొదలుకాకముందే బాస్ అనే పెద్ద శత్రువు చుట్టూ తుపాకిమందు పీపాలు పేర్చి, నమస్కారం పెట్టి, దూరం జరిగి, నిప్పు బాణం వదలొచ్చు. అది చూడగానే మావాడు, "చిన్నాయనా, ఇది మన పక్కోళ్లు చేసిన ఆటే" అని తేల్చేశాడు. వాడు సినిమాలు చూసి పెరిగినవాడు లెండి. ఈ జిల్లాలో పుట్టి పెరిగినా కడప గురించి వాడికి సినిమావాళ్లు చెప్పిందే తెలుసు.

నా కోరికలు పెద్దవి కావు. డెత్ మార్చ్, లెజెండరీ అని బిరుదులు తగిలించుకునే బదులు, మీరు చేసేదేమిటో మీ పక్కన రాసుకోండి: "వీడికి హెల్త్ రెట్టింపు, బుద్ధి యథాతథం" అని. చేతులు సహకరించనివాళ్లు, కళ్లు మసకబారినవాళ్లు, పిల్లాణ్ణి ఒళ్లో వేసుకుని ఆడేవాళ్లు మిమ్మల్ని కిందికి దించితే నోరు మూసుకుని దిగండి. పైకి జరిపితే మాత్రం దొంగకు కాస్త భయం, కాస్త తెలివి ఇవ్వండి, కవచం వద్దు. ఇక ఆ మొదటి ప్రశ్న రెండు మూడు తోడేళ్లు అయ్యాక అడిగితే సరిపోతుంది.

ఇట్లు,
ఎప్పుడూ నార్మల్‌లోనే ఆడే
తమ విధేయుడు,
జమ్మలమడుగు.

తా.క. ఈ ఉత్తరం చదివి కోపమొచ్చి మా డ్రాగన్‌కు ఇంకో నాలుగు రెట్లు హెల్త్ పెంచదలచుకుంటే నిరభ్యంతరంగా పెంచుకోండి. మా దగ్గర చీజ్ ఉంది.