డైరీ నిండితే చదువు వచ్చినట్టేనా?

సాయంత్రం ఏ కాలనీలోనైనా ఒకటో తరగతి పిల్లల డైరీ తెరిచి చూడండి. ఇంగ్లీష్ క్వశ్చన్ ఆన్సర్లు రెండేసి సార్లు రాయాలి. మ్యాథ్స్‌లో ఒకటి నుంచి యాభై దాకా నంబర్ నేమ్స్. తెలుగులో ‘క’ గుణింతం. ఈవీఎస్‌లో రేపు టెస్ట్. ఆరేళ్ల పిల్ల ఇదంతా ముగించేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. మధ్యలో ఒక ఏడుపు, రెండు మొట్టికాయలు, అమ్మకి టెన్షన్.

నిజానికి ఈ వయసు పిల్లలకు హోంవర్క్ ఇవ్వనే కూడదు. సీబీఎస్ఈ బడుల్లో 1, 2 తరగతులకు హోంవర్క్ వద్దని మద్రాసు హైకోర్టు 2018 మేలోనే చెప్పింది. అదే ఏడాది నవంబరులో కేంద్రం అదే మాట రాష్ట్రాలకు రాసింది. ఆ తరగతుల పిల్లల బ్యాగు బరువు కిలోన్నర దాటకూడదనీ అంది. 2020లో వచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ మరింత వివరంగా ఉంది. రెండో తరగతి వరకు హోంవర్క్ వద్దు, మూడు నుంచి ఐదు వరకు వారానికి రెండు గంటలు మించకూడదు. వారానికి, రోజుకి కాదు. చిన్న తరగతుల పిల్లల్ని సాయంత్రం ఎలా గడిపారో, ఏ ఆటలు ఆడారో, ఏం తిన్నారో మర్నాడు క్లాసులో చెప్పించమని కూడా ఆ పాలసీ సూచించింది. ఆడుకోవడానికి సాయంత్రమే మిగలని పిల్ల ఏం చెబుతుంది?

‘మేం ఇవ్వకపోయినా పేరెంట్స్ ఊరుకోరు’ అంటాయి స్కూళ్లు. ఇది పూర్తిగా అబద్ధం కాదు. డైరీ ఖాళీగా వచ్చిన రోజు క్లాసు వాట్సాప్ గ్రూపులో ‘ఇవాళ ఏమీ చెప్పలేదా మేడమ్’ అని మెసేజ్ పడుతుంది. కట్టిన ఫీజుకి రసీదు లాంటిది అయిపోయింది డైరీ. పిల్ల ఏం నేర్చుకుందో కంటికి కనబడదు, నిండిన పేజీ కనబడుతుంది.

కానీ పేజీ నింపడం వేరు, నేర్చుకోవడం వేరు. ముత్యాల్లాంటి అక్షరాలతో పాఠమంతా దించేసి, అందులో ఒక వాక్యం చదవమంటే తెల్లముఖం వేసే పిల్లలు ప్రతి టీచరుకూ తెలుసు. పల్లెల్లో పిల్లల చదువు, లెక్కలు ఎలా ఉన్నాయో చూసే అసర్ సర్వే 2024 ప్రకారం దేశంలోని గ్రామీణ సర్కారు బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. మూడో తరగతి ముగిసేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలన్నది చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు పట్టుబడేలా చేయడానికి 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యం. మనం 60 దగ్గరే ఆగిపోయి ‘అర్థం చేసుకుంటూ’ అన్నదాన్ని వదిలేస్తున్నాం. ఇలాంటి అంకెలు బయటికి రాగానే ‘ఇంకా రాయించండి’ అనేవాళ్లు బయల్దేరతారు. రాయిస్తే వచ్చేదైతే ఈపాటికి వచ్చేది.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సర్కారు బడుల్లోకి ఇంగ్లీష్ మీడియం వచ్చాక ఇంకో ఇబ్బంది తోడైంది. ‘మాకు ఇంగ్లీష్ రాదు, ఇంట్లో మేమేం చెప్పగలం’ అని తల్లిదండ్రులు ముందే చేతులెత్తేస్తున్నారు. ఉన్నవాళ్లు ట్యూషన్‌కి పంపుతారు, లేనివాళ్లు వదిలేస్తారు. నా అభిప్రాయంలో ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతోంది. ఆరేడేళ్ల పిల్లకు ఇంట్లో దొరకాల్సిన చదువుకి ఇంగ్లీష్ అక్కర్లేదు. చాలావరకు అక్షరం ముక్క కూడా అక్కర్లేదు.

పాము నిచ్చెన ఆటనే తీసుకోండి. రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే పరిశోధకులు 2008లో అమెరికాలోని పేద కుటుంబాల ప్రీస్కూల్ పిల్లలతో ఒకటి నుంచి పది దాకా అంకెలున్న బోర్డు మీద ఆట ఆడించారు. రెండు వారాల్లో నాలుగే సార్లు, సారికి పావుగంట చొప్పున. ఏ అంకె పెద్దదో, ఏది ఎంత దూరంలో ఉంటుందో ఆ పిల్లలకు బాగా పట్టుబడింది. అంకెల బదులు రంగులున్న బోర్డు మీద ఆడినవాళ్లకు ఆ లాభం రాలేదు. ఆ తర్వాతి పరిశోధనల్లో తేలిన ఒక సంగతి మనం రేపే వాడుకోవచ్చు. కాయ 37 మీద ఉంది, పాచికలో నాలుగు పడింది. పిల్ల ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు’ అంటూ జరిపితే పెద్దగా నేర్చుకునేది ఉండదు. ‘38, 39, 40, 41’ అంటూ జరిపితే సంఖ్యల వరస బుర్రలోకి దిగుతుంది. 39 తర్వాత తడుముకుంటుంది చూడండి, అక్కడ మనం కాసేపు నోరు మూసుకుని కూర్చోవాలి. అదే కష్టం మనకి.

బోర్డు కొనే పని లేకుండా అష్టాచెమ్మా ఉండనే ఉంది. నాలుగు చింతగింజల్ని ఒకవైపు తెల్లబడేదాకా అరగదీసి, నేల మీద ఐదు వరసల్లో ఐదేసి గళ్లు గీస్తే చాలు. అన్నీ తెల్లగా పడితే చెమ్మ, నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. నాన్నమ్మ కాయ మూడు గళ్ల ముందుంది, దాన్ని చంపాలంటే ఎంత పడాలి? మొదట్లో పిల్లలు తమ కాయ ఉన్న గడిని కూడా ఒకటిగా లెక్కేసి తప్పుతారు. సరిచేయకండి. కాయ చావకపోతే వాళ్లకే తెలుస్తుంది, నాన్నమ్మ ఎలాగూ ఊరుకోదు.

ముగ్గు సంగతీ అంతే. ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వచ్చేదాకా పెట్టమనండి. మధ్యలో ఏడు, రెండు వైపులా ఆరు, ఐదు, నాలుగు. మొత్తం ఎన్ని చుక్కలని అడిగితే కొందరు ఒక్కోటీ లెక్కపెడతారు, కొందరు పైవైపు లెక్కపెట్టి కిందా అంతే కదా అంటారు. ఇంకో ఏడాది పోతే ఎవరో ఒకరు ఆరూ నాలుగూ పది అని జత చేస్తారు. 37 రావడం కన్నా ఆ దారులే ముఖ్యం. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లయితే, చుట్టాలొచ్చి మూడు గ్లాసులు పోస్తే ఎన్ని నీళ్లు? రెండో ఎక్కం అక్కడే ఉంది.

చదవడానికి ముందు వినడం, చెప్పడం ఉండాలి. రోజూ ఒక కథ చెప్పి, మర్నాడు దాన్నే పిల్లతో చెప్పించుకుంటే చాలు. చెప్పేటప్పుడు ‘ఎందుకు’ అని ఒక్కసారి అడగండి, నక్క అలా ఎందుకు చేసింది అని. తెలుగులో కథ అల్లి చెప్పగల పిల్ల ఇంగ్లీష్ పాఠంలోనూ కథ కోసం వెతుకుతుంది. చదివి వినిపించగలవాళ్లకు స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి. ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంటుంది, దానికీ ఒక మంచి పని.

ఒక భయం లేకపోలేదు. ఇదంతా చివరికి తల్లుల నెత్తిన పడే ఇంకో పని కావచ్చు. ఇప్పటికే సోషల్ మీడియాలో యాక్టివిటీల అమ్మలు ఉన్నారు. రంగుల ఇసుక, ప్రింట్ తీసిన వర్క్‌షీట్లు, కిట్లు. అవి చూసి సాయంత్రం పని నుంచి ఇంటికొచ్చే తల్లి తనవల్ల కాదనుకుంటే తప్పు ఆమెది కాదు. నేను చెప్పేవాటికి విడిగా టైమ్ టేబుల్ అక్కర్లేదు. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ జరిగిపోతాయి. తాతయ్య, అక్క, పక్కింటి అత్త ఎవరైనా చేయొచ్చు. నాన్నలు కూడా చేయొచ్చు, ఎవరూ కాదనరు.

అయితే ఇది ఇంటి దగ్గర మొదలవదు, డైరీ దగ్గరే మొదలవ్వాలి. 2024 డిసెంబర్ 7న ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. అలాంటి మీటింగుల్లో ప్రోగ్రెస్ కార్డు చూపించి పంపేయకుండా, ఒక పావుగంట తల్లిదండ్రుల్ని నేల మీద కూర్చోబెట్టి చింతగింజలు ఇవ్వొచ్చు. ప్రైవేటు స్కూళ్లు డైరీలో ఆ రోజుకి ఒకే వాక్యం రాయొచ్చు: ‘ఈ రాత్రి ఇంట్లో ఎన్ని చెంచాలున్నాయో లెక్కపెట్టి రండి.’ మర్నాడు వాట్సాప్ గ్రూపులో ‘ఇదేం హోంవర్క్’ అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ మెసేజ్‌కి జవాబుగా 2020 పాలసీ పేజీ ఫొటో పెట్టే ధైర్యం హెడ్మాస్టరుకు ఉండాలి, ఆయన వెనక మండల విద్యాధికారి నిలబడాలి.