దాచిపెట్టిన ఫిట్స్‌కు డాక్టరు మందు ఎలా రాయాలి?

మా అక్క కూతురి చేతిలోంచి కాఫీ గ్లాసు ఎగిరిపడడం మొదలైనప్పుడు ఆమెకు పదహారేళ్ళు. నిద్ర లేచిన అరగంటలోపే జరిగేది. ఉలిక్కిపడినట్లు భుజాలు ఒక్కసారి అదిరేవి, గ్లాసు వెళ్ళి గోడకు తగిలేది, కాఫీ సున్నం మీద చారలు కట్టేది. "మామా, నేను పారేయలేదు, చెయ్యే ఎగిరింది" అని ఆ పిల్ల నాతో రెండు మూడు సార్లు చెప్పింది. రాత్రి పొద్దుపోయేదాకా ఫోను చూస్తే ఇట్లాగే అవుతుందని నేను కొట్టిపారేశాను. ఆ మాట అన్నందుకు ఈరోజుకూ బాధపడుతున్నాను, ఎందుకంటే అది ఫిట్స్‌లో ఒక రకమని, దానికి పేరూ మందూ ఉన్నాయని మాకు తెలియడానికి రెండేళ్ళకు పైగా పట్టింది.

మహాశివరాత్రికి కపిలతీర్థంలో జాగారం చేసి, తెల్లవారి బైరాగిపట్టెడలోని ఇంటికి వచ్చిన గంటలోపే ఆమె వసారాలో పడిపోయింది. ఒళ్ళంతా కొయ్యబారి, తర్వాత చేతులూ కాళ్ళూ కొట్టుకున్నాయి. పక్కింటివాళ్ళు పరుగున వచ్చి చేతిలో తాళాలగుత్తి పెట్టారు, ఒకాయన పళ్ళ మధ్య చెంచా దూర్చబోయాడు. రెండు నిమిషాలకు ఫిట్స్ ఆగిపోతే తాళాలు పెట్టబట్టే ఆగాయన్నారు. వాళ్ళ మనసు మంచిదే, నేను కాదనను. అయితే చాలా ఫిట్స్ ఒకటి నుంచి మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి కాబట్టి, ఆ సమయంలో చేతిలో ఏది పెడితే దానికి పేరు వస్తుంది. నిజంగా చేయవలసింది కొంచెమే: మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, కొట్టుకుంటున్న చేతులను గట్టిగా పట్టుకోకూడదు, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా అంబులెన్సు పిలవాలి.

నేను ఈ పోస్టు రాస్తున్నది మాత్రం ఆ తర్వాత మా ఇంట్లో జరిగిన దాని గురించి. సాయంత్రానికి పెద్దవాళ్ళు కూర్చుని విషయం గడప దాటకూడదని తీర్మానించారు. పెళ్ళి కావలసిన పిల్ల అన్నది ఒక్కటే కారణం. ఆ దాపరికం డాక్టరు గదిలోకి కూడా మాతోపాటే వచ్చింది. ఒకసారి పడిపోయిందని మాత్రమే చెప్పాము. పిల్ల నాన్నగారి చెల్లెలికి చిన్నప్పుడు ఫిట్స్ ఉండేవన్న సంగతి ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. పొద్దున పూట భుజాలు అదరడం గురించి కూడా చెప్పలేదు, అది జబ్బని మాకు తోచనే లేదు. ఆ డాక్టరు విన్నంతలో కార్బమజెపిన్ అనే ఫిట్స్ మందు రాశారు. ఆయనను నేను తప్పుపట్టను, చెప్పని మాట ఆయనకు ఎలా వినిపిస్తుంది? కానీ పెద్ద ఫిట్స్ మళ్ళీ రాకపోయినా పొద్దుటి అదుర్లు రెట్టింపయ్యాయి. ఇంగ్లీషు మందు ఒంటికి పడలేదని తేల్చేసి, మాత్రలు ఆపి, తాయెత్తు కట్టారు. వారం తిరక్కముందే ఒకే రోజు రెండుసార్లు పడిపోయింది. నడుస్తున్న మాత్రను ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి వచ్చి ప్రాణం మీదికి రావచ్చని మాకు అప్పుడు తెలియదు.

చివరికి ఒక న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్ళాము. ఆయన స్కానింగు కాగితాలు చూడకముందే పిల్లనే నేరుగా అడిగారు: "పొద్దున లేవగానే చేతిలో వస్తువులు జారిపోతాయా అమ్మా?" ఆమె నా వైపు చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేను. దాని పేరు జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అని, యుక్తవయసులో మొదలవుతుందని, నిద్ర తక్కువైతే వెంటనే బయటపడుతుందని, కార్బమజెపిన్, ఫెనిటాయిన్ వంటి మందులు దీన్ని తగ్గించకపోగా పెంచవచ్చని ఆయన చెప్పారు.

ఫిట్స్ అంటే నేలమీద పడి నురగలు కక్కడం ఒక్కటే అని మనం అనుకుంటాము. మెదడులోని విద్యుత్ సంకేతాలు ఒక్కసారిగా అదుపు తప్పితే వచ్చేదే ఫిట్స్, ఆ అలజడి ఎక్కడ మొదలైందన్న దాన్ని బట్టి దాని రూపం మారుతుంది. మెదడులో ఒక చోట మొదలైతే ఒక చెయ్యి మాత్రమే కొట్టుకోవచ్చు, లేదా మనిషి మాటకు పలకకుండా పెదవులు చప్పరిస్తూ చొక్కా గుండీలు లాగుకుంటూ ఉండవచ్చు. దానికి మా వైపు ఇంకా గాలి సోకిందనే పేరు పెడుతున్నారు. మెదడు రెండు వైపులా ఒకేసారి మొదలయ్యే వాటిలో మా పిల్లకు వచ్చిన అదురు ఒకటి, బడిపిల్లలకు వచ్చే ఆబ్సెన్స్ ఫిట్స్ మరొకటి. ఆ బిడ్డ పాఠం మధ్యలో పది సెకన్లు శూన్యంలోకి చూసి మళ్ళీ ఏమీ జరగనట్లే రాసుకుంటుంది, ఇది రోజుకు ఎన్నోసార్లు జరుగుతుంది, పరధ్యానం అని టీచరు చేతిలో దెబ్బలు తింటుంది. ఒక రకానికి పనిచేసే మందు ఇంకొక రకానికి చెరుపు చేయవచ్చు. అందుకే, ఏమి జరిగిందో చూసినవాళ్ళు చెప్పే మాట ఎంఆర్ఐ కంటే ముందు కావాలి. మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష నార్మల్‌గా వచ్చినంత మాత్రాన ఫిట్స్ లేనట్లు కూడా కాదు. ఇంట్లో ఎవరికైనా వస్తే ఒకరు మనిషిని చూసుకుంటుండగా మరొకరు ఫోనులో వీడియో తీయండి. డాక్టరుకు అది చూపించడం పరువు తక్కువ పని కాదు.

మన దగ్గర కారణాలను కూడా కర్మ ఖాతాలో వేస్తాము. పుట్టినప్పుడు ఊపిరి అందకపోవడం, తలకు దెబ్బ తగలడం, పక్షవాతం, మెదడువాపు వంటివి అందరూ విన్నవే. బద్దెపురుగు గుడ్ల సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆ పురుగు కడుపులో ఉన్నవారి మలం ద్వారా గుడ్లు నీటిలోకీ ఆకుకూరల్లోకీ చేరి, వాటిని తిన్నవారి మెదడులో తిత్తులుగా మారతాయి. మాంసం ముట్టని ఇంట్లో కూడా ఇది వస్తుంది. మన దేశంలో ఫిట్స్‌కు ఇది ఒక ముఖ్య కారణం, మందులతో నయమయ్యే కారణం కూడా.

పడినప్పుడు భుజం జారితే మనవాళ్ళు అదే పూట బస్సెక్కి, ఎముకలు సరిచేసి నాటు కట్టు కట్టే పుత్తూరుకు వెళ్తారు. ఎందుకు పడ్డావని అడిగి న్యూరాలజీ ఓపీకి తీసుకువెళ్ళడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది, సరైన నిర్ధారణ, సరైన మందు అందితే 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరు. సరిగ్గా ఎంచుకున్న రెండు మందులకూ లొంగనివారికి ఆపరేషన్ పనికివస్తుందేమో చూస్తారు. త్రివేండ్రంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో ఎన్నో ఏళ్ళుగా ఇటువంటి ఆపరేషన్లు చేస్తున్నారు.

పెళ్ళి మాట కూడా చెప్పాలి. హిందూ వివాహ చట్టంలోకి 1976 సవరణతో మూర్ఛను ఉన్మాదం పక్కన చేర్చి, అది ఉన్నవారి పెళ్ళి చెల్లకుండా చేయడానికి దారి తెరిచారు. 1999లో ఆ మాటను తొలగించారు. చట్టం వదిలిపెట్టి పాతికేళ్ళు దాటినా మనం వదల్లేదు. పైగా దాచి పెళ్ళి చేస్తే నష్టపోయేది ఆడపిల్లే: అత్తగారింట్లో ఎవరైనా చూస్తారేమోనని మాత్ర మానేస్తుంది, కొత్త చోట నిద్ర కరువవుతుంది, ఫిట్స్ తిరిగి వస్తాయి. అసలు ఆమె ఏ మందు మీద ఉందో భర్తకు తెలియకపోతే గర్భం సంగతి ఎవరు ఆలోచిస్తారు? వాల్‌ప్రోయేట్ ఈ రకం ఫిట్స్‌కు బాగా పనిచేసే మందే అయినా కడుపులోని బిడ్డకు అవయవ లోపాలు తెచ్చే ముప్పు ఉంది. అందుకే మా పిల్లకు డాక్టరు ఆలోచించి లెవెటిరాసిటామ్ రాశారు. మొదటి నెలల్లో చిరాకు ఎక్కువైంది, మోతాదు సర్దాక కుదుటపడింది. ఈ రకంలో మందు చాలా ఏళ్ళు, బహుశా జీవితాంతం వాడవలసి ఉంటుందని ముందే చెప్పారు.

పోయిన శివరాత్రికి ఆమె సాయంత్రమే కపిలతీర్థం వెళ్ళి వచ్చి, తొమ్మిదిన్నరకు మాత్ర వేసుకుని పడుకుంది. గత నెలలో పీలేరు నుంచి ఒక సంబంధం వచ్చింది. కాఫీలు ఆమే తెచ్చి ఇచ్చింది. మా అక్క మందుల చీటీ తెచ్చి వాళ్ళ ముందు పెట్టి, జబ్బు పేరు పలకడానికి రాక ఆగిపోతే, పిల్లే చెప్పింది. అబ్బాయి తల్లి ఆ చీటీని ఫోనులో ఫోటో తీసుకున్నారు. వాళ్ళకు తెలిసిన డాక్టరును అడిగి చెబుతామన్నారు. ఇంకా కబురు రాలేదు.