దొరకీ కూలివాడికీ మధ్య ప్రేమ కల్పనేనా? మరి జార్జ్ మెర్రిల్ సంగతేమిటి?

ఈ మధ్య తెలుగులో చాలామంది పంచుకుంటున్న మాట ఒకటుంది. దాని సారాంశం ఇది: విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో ఒక గొప్పింటి మగవాడూ ఒక కూలివాడూ ప్రేమించుకున్నారంటూ వస్తున్న కథలన్నీ ఇప్పటి రచయితల కల్పన. అప్పట్లో నిజంగా జరిగింది డబ్బున్నవాడు డబ్బు పడేసి పేదవాణ్ణి వాడుకోవడమే. దొరికిపోతే జైలు. అలా కలిసి కాపురం చేసినవాళ్ళు ఒక్కరూ లేరు. సుఖాంతం సినిమావాళ్ళ సృష్టి. పైగా ఇదంతా తెల్లవాళ్ళ గొడవ, మనకి సంబంధం లేదు.

దీన్ని పంచుకుంటున్నవాళ్ళలో పేదల పక్షాన నిలబడి మాట్లాడుతున్నామని నమ్మే మంచి మనుషులు కూడా ఉన్నారు. అందుకే చూసీ చూడనట్టు వదిలేయలేకపోతున్నాను. ఇందులో ఒక ముక్క నిజం, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు అన్నిటికంటే పెద్ద తప్పు సంగతి చూద్దాం.

"కలిసి కాపురం చేసినవాళ్ళు ఒక్కరూ లేరు" అంటున్నారు. రచయిత, సోషలిస్టు ఎడ్వర్డ్ కార్పెంటర్, కూలివాడు జార్జ్ మెర్రిల్ ఒకే కప్పు కింద ముప్ఫై ఏళ్ళు బతికారు.

కార్పెంటర్ 1844లో బ్రైటన్ పక్కనే ఉన్న హోవ్‌లో, బాగా కలిగిన కుటుంబంలో పుట్టాడు. కేంబ్రిడ్జ్‌లో చదివి అక్కడే ఫెలో (కాలేజీ అధ్యాపక సభ్యుడు) అయ్యాడు, చర్చిలో మతగురువుగా చేరాడు. 1874లో ఆ పదవి వదిలేసి, ఉత్తరాది పారిశ్రామిక పట్టణాల్లో మామూలు జనానికి పాఠాలు చెప్పడానికి వెళ్ళిపోయాడు. తండ్రి పోయాక వచ్చిన ఆస్తితో షెఫీల్డ్‌కి కొన్ని మైళ్ళ దూరంలో, డెర్బీషైర్‌లోని మిల్‌థోర్ప్ అనే పల్లెలో ఏడెకరాల పొలం కొని ఇల్లు కట్టుకున్నాడు. కూరగాయలు పండించి సంతలో అమ్మేవాడు. చెప్పులు కుట్టడం కూడా నేర్చుకున్నాడు. అలీగఢ్‌లో పాఠాలు చెబుతున్న ఒక స్నేహితుడు కాశ్మీర్ చెప్పుల జత ఒకటి పంపిస్తే, ఆ నమూనా చూసి కుట్టడం మొదలుపెట్టాడు.

మెర్రిల్ అతనికంటే ఇరవై ఏళ్ళకు పైగా చిన్నవాడు. షెఫీల్డ్ మురికివాడలో పెరిగాడు, చదువు అంతంతమాత్రం. హోటల్లో, ఇనుప కార్ఖానాలో, ఏ పని దొరికితే ఆ పని చేశాడు. ఇద్దరూ మొదటిసారి కలుసుకున్నది 1891లో, కార్పెంటర్ సింహళం, ఇండియా చూసి ఇంటికి తిరిగొచ్చిన కొత్తలో, షెఫీల్డ్ దగ్గర రైల్లో. ఆ తర్వాత ఏడేళ్ళపాటు మెర్రిల్ తన బతుకు తను బతుకుతూ, తన జీతం తను తెచ్చుకుంటూనే కార్పెంటర్‌ని ప్రేమించాడు. ఈ ఏడేళ్ళ సంగతి గుర్తుపెట్టుకోండి, డబ్బు ప్రస్తావన వచ్చినప్పుడు పనికొస్తుంది.

1898 ఫిబ్రవరిలో, అంతవరకూ మిల్‌థోర్ప్ ఇంట్లో ఉంటూ వచ్చిన ఆడమ్స్ కుటుంబం ఖాళీ చేసింది. అదే రోజు సాయంత్రం మెర్రిల్ వచ్చాడు. తన సామానంతా తోపుడు బండిలో వేసుకుని, కుర్రాళ్ళ సాయంతో, ముఖాన కొడుతున్న మంచుతుఫానులో కొండలు దాటించి ఆ ఇంటి ముందు దించాడు. ఈ సంగతి కార్పెంటర్ తన ఆత్మకథలో తనే రాసుకున్నాడు. ఆ పుస్తకం 1916లో, ఇద్దరూ బతికుండగానే అచ్చయింది.

స్నేహితులు ఊరుకోలేదు. ఆడదిక్కు లేకుండా ఇద్దరు మగవాళ్ళు ఇల్లు ఎలా నడుపుతారని బెంగపడ్డారు. గోడల నిండా బూజు పడుతుందని, మెర్రిల్ ఎక్కడో షికార్లు చేస్తుంటే పెద్దాయన తిండిలేక పడుంటాడని చెప్పారు. కార్పెంటర్ వాళ్ళ మాట వినలేదు. మెర్రిల్ వంట చేశాడు, ఇల్లు అద్దంలా ఉంచాడు, గదుల్లో పూలు పెట్టాడు, పాటలు పాడాడు. ఊళ్ళోని పబ్బుకి వెళ్ళి రైతులతో కూర్చుని తాగాడు. ఇంటికొచ్చే పెద్దమనుషుల ముందు బెరుకు పడలేదు. కూలిపని చేసే స్నేహితులూ, పైతరగతి స్నేహితులూ ఇద్దరూ జార్జ్‌ని ఇష్టపడ్డారని కార్పెంటర్ సంబరంగా రాశాడు.

1922లో ఇద్దరూ దక్షిణాన ఉన్న గిల్డ్‌ఫర్డ్‌కి మారారు. 1928 జనవరిలో మెర్రిల్ హఠాత్తుగా చనిపోయాడు. అదే ఏడు కార్పెంటర్‌కి పక్షవాతం వచ్చింది. 1929 జూన్ 28న ఆయనా పోయాడు. ఇద్దరినీ గిల్డ్‌ఫర్డ్ మౌంట్ శ్మశానంలో ఒకే సమాధిలో ఉంచారు. దీన్ని కాపురం అనకపోతే ఇంకేమంటారో ఆ మాట రాసినవాళ్ళే చెప్పాలి.

ఇక "డబ్బిచ్చి వాడుకున్నారు" అన్న మాట. నేను ఒప్పుకుంటానన్న ముక్క ఇక్కడే ఉంది. 1889లో లండన్ క్లీవ్‌లాండ్ వీధిలో ఒక ఇంటి గుట్టు బయటపడింది. టెలిగ్రాములు మోసే తపాలా కుర్రాళ్ళని అక్కడికి రప్పించి, డబ్బున్న మగవాళ్ళకి పంపేవారు. ఒక్కోసారికి నాలుగు షిల్లింగులు. ఆ ఇంటికి వెళ్ళేవాడని పేరు బయటికొచ్చిన లార్డ్ ఆర్థర్ సోమర్‌సెట్ దేశం విడిచి పారిపోయాడు, కోర్టు గుమ్మం తొక్కనేలేదు. జైలుకి వెళ్ళింది కిందివాళ్ళు: ఒకడికి నాలుగు నెలలు, ఇంకొకడికి తొమ్మిది నెలలు. ఇది దోపిడీయే, అందులో సందేహం లేదు. శిక్ష పడే తీరులో కూడా తరగతి తేడా ఉంది. ఇంతవరకూ రాసి ఊరుకుంటే వాళ్ళతో నాకు పేచీ లేదు.

కానీ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేస్తున్నారు. పెద్దింటివాడూ పేదవాడూ దగ్గరయ్యారంటే చాలు, అది కొనుగోలే అంటున్నారు. ఈ వాదన కొత్తది కాదు. 1895 ఏప్రిల్‌లో రచయిత ఆస్కార్ వైల్డ్‌ని బోనులో నిలబెట్టి లాయర్ ఎడ్వర్డ్ కార్సన్ చేసిన వాదనే ఇది. ఒక పెద్దమనిషి ఒక నౌకరుతో, ఒక గుర్రాల సేవకుడితో కలిసి భోంచేయడమేమిటి, వాళ్ళకి వెండి సిగరెట్ పెట్టెలు ఇవ్వడమేమిటి అని కార్సన్ గుచ్చి గుచ్చి అడిగాడు. వాళ్ళు చేసే పనేమిటో తనకి తెలియదనీ, తెలిసినా పట్టించుకునేవాణ్ణి కాదనీ వైల్డ్ జవాబిచ్చాడు. వైల్డ్ విషయంలో డబ్బు చేతులు మారిన మాట నిజమే. అయినా కార్సన్ ప్రశ్నల వెనకున్న నమ్మకం చూడండి. తక్కువవాడితో ఒక బల్ల దగ్గర కూర్చోవడమే ఆయన దృష్టిలో నేరానికి రుజువు. పేదల పక్షం అనుకునేవాళ్ళు ఆ లాయరు మాటల్నే తిరిగి చెబుతున్నామని గమనించకపోవడం నాకు బాధగా ఉంది.

ఈ వాదనలో పేదవాడు ఎక్కడున్నాడు? అతనికి మనసుండదు, ఇష్టాయిష్టాలు ఉండవు, కాదనే నోరు ఉండదు. మెర్రిల్ కంటే ముందు, 1886 ప్రాంతంలో, కార్పెంటర్ జార్జ్ హ్యూకిన్‌ని ప్రేమించాడు. షెఫీల్డ్‌లో క్షౌరపు కత్తులు సాన పట్టే కార్మికుడతను. హ్యూకిన్ 1887లో ఫ్యానీ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. కార్పెంటర్ చాలాకాలం కుమిలిపోయాడు. ఆస్తి, చదువు, పేరు అన్నీ కార్పెంటర్ వైపే ఉన్నాయి, అయినా నిర్ణయం హ్యూకిన్‌దే అయింది. ఆ తర్వాత 1917లో హ్యూకిన్ చనిపోయేదాకా వాళ్ళ స్నేహం నిలిచింది. కొనుక్కున్న మనిషితో కథ ఇలా నడవదు.

మెర్రిల్ విషయంలో ఆస్తి కార్పెంటర్‌దే, ఇంటి చాకిరీ మెర్రిల్‌దే. ఇది దాచాల్సిన సంగతి కాదు. బయటివాళ్ళ ముందు అతను పనివాడిగా కనిపించడం ఇద్దరికీ రక్షణగా కూడా పనికొచ్చింది. వాళ్ళు దేవతలేమీ కాదు. ఇద్దరికీ వేరే సంబంధాలు ఉన్నాయి, చివరి రోజుల్లో మెర్రిల్ బాగా తాగేవాడు, దాంతో కార్పెంటర్‌కి టెన్షన్ ఉండేది. మన ఇళ్ళలో పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళలో ఆస్తి మొగుడి పేరున, వంట పెళ్ళాం చేతిలో ఉన్నా, ఆ ఇద్దరి మధ్యా ప్రేమే లేదని ఎవరూ కొట్టిపారేయరు. మెర్రిల్ దగ్గరికొచ్చేసరికి కొలత ఎందుకు మారిపోవాలి? పైగా ఆ ఏడేళ్ళు ఉన్నాయి. తన కూలి తను సంపాదించుకుంటున్న రోజుల్లో అతను కార్పెంటర్‌కి రాసిన ఉత్తరాలు షెఫీల్డ్ ప్రభుత్వ పత్రాగారంలో ఉన్నాయి. నీ ముఖం ఎప్పుడు చూస్తానా అని తపించిపోయే ఉత్తరాలవి. పేదవాడి గొంతు వినాలి అనేవాళ్ళు ముందు వినాల్సింది వాటినే.

"దొరికితే జైలు" అన్నది చట్టం వరకూ నిజం. 1885 నాటి చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం మగవాళ్ళ మధ్య ఏ రకమైన శారీరక సంబంధానికైనా రెండేళ్ళ వరకూ కఠిన శిక్ష వేయొచ్చు. వైల్డ్‌కి 1895 మేలో పడింది అదే రెండేళ్ళు. ఆ భయం ఎంతగా పాకిందంటే, స్త్రీ పురుష సంబంధాల మీద కార్పెంటర్ రాసిన పుస్తకాన్ని వేస్తానన్న లండన్ ప్రచురణకర్త వెనక్కి తగ్గాడు. మాంచెస్టర్ లేబర్ ప్రెస్ దాన్ని 1896లో తెచ్చింది. మెర్రిల్ ఆ ఇంటికొచ్చింది ఈ గాలి వీస్తున్నప్పుడే, వైల్డ్ జైలు నుంచి విడుదలై ఏడాది కూడా తిరగకముందే. 1909లో ఓబ్రైన్ అనే ఆయన కార్పెంటర్ మీద, సోషలిజం మీద నిప్పులు చెరుగుతూ ఒక కరపత్రం వేసి ఆ చుట్టుపక్కల పంచాడు. అయినా ఇద్దరి మీదా కేసు పడలేదు. ఊరు వాళ్ళని వెళ్ళగొట్టలేదు. కరపత్రం వచ్చాక కూడా పదమూడేళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నారు. 1924లో కార్పెంటర్ ఎనభయ్యో పుట్టినరోజున పంపిన అభినందన పత్రం మీద అప్పటి తొలి లేబర్ ప్రభుత్వ మంత్రులందరూ సంతకం పెట్టారు.

దీన్నిబట్టి అప్పట్లో భయం లేదని నేను చెప్పడం లేదు. కార్పెంటర్‌కి పేరుంది, డబ్బుంది, రాసే ప్రతి మాటా తూచి రాసే నేర్పుంది. ఇవేవీ లేని ఎంతోమంది నలిగిపోయారు. ఇంగ్లండు, వేల్స్‌లలో ఆ చట్టం సడలింది 1967లో, అదీ ఇరవై ఒకటి నిండినవాళ్ళకి, నాలుగు గోడల మధ్య మాత్రమే.

సుఖాంతం సినిమావాళ్ళ సృష్టి అన్నదానికి జవాబు చిన్నదే. 1913లో ఇ. ఎం. ఫార్‌స్టర్ అనే నవలాకారుడు మిల్‌థోర్ప్ వెళ్ళాడు. అక్కడ మెర్రిల్ తన నడుము కింద చనువుగా చెయ్యి వేశాడనీ, ఆ స్పర్శతోనే కథ తన మనసులో పుట్టిందనీ ఆయనే రాశాడు. అలా వచ్చిందే 'మారిస్' నవల. అందులో స్టాక్ బ్రోకర్ మారిస్, ఎస్టేటులో వేటజంతువుల కాపలాదారుగా పనిచేసే అలెక్ చివరికి కలిసే ఉంటారు. సుఖాంతం తప్పనిసరి అని ఫార్‌స్టర్ పట్టుబట్టాడు. ఉరితోనో ఆత్మహత్యతోనో ముగించి ఉంటే అచ్చుకి ఇబ్బంది ఉండేది కాదని కూడా అన్నాడు. నవల 1971లో, ఆయన చనిపోయాక వచ్చింది. 1987లో ఈ నవలని సినిమాగా తీసినవాళ్ళ కంటే డెబ్భై ఏళ్ళకు పైగా ముందే, కళ్ళతో చూసిన ఇంటి నుంచి ఆ ముగింపు పుట్టింది.

ఇక తెల్లవాళ్ళ గొడవ అన్న మాట. స్వలింగ సంబంధాలని నేరం చేసిన 377 సెక్షన్‌ని మన నెత్తిన పెట్టింది 1860లో ఆ తెల్లవాళ్ళే. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఇష్టపడ్డ పెద్దవాళ్ళకి దాన్నుంచి విముక్తి ఇచ్చేదాకా అది మన మెడ మీదే ఉంది. గాంధీ హింద్ స్వరాజ్‌లో చదవమని చెప్పిన పుస్తకాల్లో నాగరికత మీద ఈ కార్పెంటర్ రాసినదీ ఒకటి. ఫార్‌స్టర్ మనసిచ్చిన సయ్యద్ రాస్ మసూద్ మన హైదరాబాదులోనే నిజాం ప్రభుత్వ విద్యాశాఖ డైరెక్టరుగా పనిచేశాడు. ఉస్మానియా ఏర్పాటులో ఆయన చెయ్యి ఉంది. అది ఒకవైపు ప్రేమే, కానీ మన ఊరితో ముడిపడినది.

అన్నిటికంటే దగ్గరి సంబంధం ఇంకొకటి. కార్పెంటర్ 1908లో స్వలింగ ప్రేమ మీద వేసిన పుస్తకంలో, ఈ ప్రేమ తరగతులనీ కులాలనీ అవలీలగా దాటిపోతుందని, అసలైన ప్రజాస్వామ్యానికి పునాది అక్కడే ఉండొచ్చని రాశాడు. కులాంతర ప్రేమలకి ప్రాణాలు తీస్తున్న చోట ఉంటున్న మనం ఆ వాక్యాన్ని పరాయిదని ఎలా అనగలం? పైకులం పిల్ల, కిందికులం పిల్లవాడు ప్రేమించుకుంటే "డబ్బు కోసమే వల వేశాడు" అనే మాట మనకి ఎంత తేలిగ్గా నోటికొస్తుందో అందరికీ తెలుసు. ఆ మాట వింటే మండిపడేవాళ్ళే మెర్రిల్ విషయంలో అదే మాటని పంచుకుంటున్నారు.

కాబట్టి నేను అడిగేది ఒక దిద్దుబాటు. హోదా తేడా ఉన్నచోట బలవంతానికీ దోపిడీకీ ఎక్కువ అవకాశం ఉంది, క్లీవ్‌లాండ్ వీధి అందుకు సాక్ష్యం అని రాయండి, నేను కూడా పంచుకుంటాను. "ఒక్కరూ లేరు" అన్న వాక్యం మాత్రం తీసేయండి, ఆ చోట జార్జ్ మెర్రిల్ పేరు రాయండి.