తెల్లవారితే గురువారం

మొన్న డిసెంబరులో విశాఖలో మన సంఘం పెట్టిన వధూవరుల పరిచయ వేదిక బాగానే జరిగిందని అందరూ అంటున్నారు. భోజనాలు బాగున్నాయి, ఆ మాట కాదనను. బాధ కలిగించింది వేరే విషయం. గాజువాక నుంచి వచ్చిన ఒక తండ్రి లేచి, "అబ్బాయికి గ్రీన్ కార్డు వచ్చేసిందండీ, పెళ్లయ్యాక మా అమ్మాయిని ఎలా పంపించాలి?" అని అడిగారు. "విజిటింగ్ వీసా మీద పంపించేయండి సార్, అక్కడికెళ్లాక చూసుకోవచ్చు" అని వేదిక మీద నుంచి జవాబు వచ్చింది. హాలంతా చప్పట్లు.

ఆ సలహా పాటిస్తే ఏమవుతుందో చూద్దాం. గ్రీన్ కార్డున్న భర్త దగ్గరికి వెళ్లే అమ్మాయి తిరిగి వస్తుందని వీసా ఆఫీసరు నమ్మడు, అమెరికా వలస చట్టం 214(బి) సెక్షను కింద తిప్పి పంపేస్తాడు. అది ఒక రకంగా అదృష్టమే. వీసా వచ్చిందే అనుకోండి, కాపురానికి వెళ్తూ చుట్టపుచూపుగా వెళ్తున్నానని చెప్పడం అబద్ధం కిందికి వస్తుంది. అది ఒకసారి ఫైల్లో పడితే జీవితాంతం అడ్డమే, మినహాయింపు దొరకడం కష్టం. ఐ-94 (ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు దాటి అక్కడే ఉండిపోతే, భర్త సిటిజన్ అయ్యేదాకా అక్కడ గ్రీన్ కార్డుకి అప్లై చేయడం దాదాపు కుదరదు. వెనక్కి వద్దామంటే, గడువు మీరాక 180 రోజులు దాటి ఉన్నవాళ్లకి 3 ఏళ్లు, ఏడాది దాటి ఉన్నవాళ్లకి 10 ఏళ్లు మళ్లీ అడుగుపెట్టే వీల్లేదు. చప్పట్లు కొట్టినవాళ్లెవరూ ఆ అమ్మాయితో పాటు ఆ 10 ఏళ్లు గడపరు కదా.

అసలు లోపం మన ఫారంలోనే ఉంది. గోత్రం, నక్షత్రం, పాదం, ఎత్తు, జీతం అన్నిటికీ విడివిడిగా గళ్లున్నాయి. వీసాకి వచ్చేసరికి "యూఎస్ సెటిల్డ్" అని ఒక్క ముక్క. ఆ ఒక్క ముక్కలో మూడు వేరువేరు సంసారాలున్నాయి. అబ్బాయి సిటిజన్ అయితే భార్య కోసం ఐ-130 అనే దరఖాస్తు వేస్తాడు, కోటా వరుస ఉండదు. పెళ్లై 2 ఏళ్లు నిండకుండా అమ్మాయి అక్కడ దిగితే 2 ఏళ్లే చెల్లే షరతుల గ్రీన్ కార్డు ఇస్తారు. అది ముగిసే ముందు 90 రోజుల్లో, షరతులు తీసేయమని ఐ-751 వేయాలి. అబ్బాయిది గ్రీన్ కార్డు అయితే గ్రీన్ కార్డుదారుల భార్యాపిల్లలకున్న ఎఫ్2ఎ వరుసలో నిలబడి, వరుస ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ నెలనెలా చూసుకుంటూ కూర్చోవాలి. హెచ్-1బి ఉద్యోగ వీసా అయితే అమ్మాయి హెచ్-4 (హెచ్-1బి వాళ్ల భార్యాపిల్లలకిచ్చే వీసా) మీద త్వరగానే వెళ్తుంది. హెచ్-4 స్టాంపింగుకి హైదరాబాదు చాలు. ఇమ్మిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూ అయితే సాధారణంగా ముంబయి వెళ్లాలి.

ముహూర్తం సంగతి ఇక్కడే వస్తుంది. అబ్బాయి హెచ్-1బిలో ఉండి, ఉద్యోగం మీద వేసిన గ్రీన్ కార్డు ఇంకా రాకుండా ఉందనుకోండి. కార్డు మంజూరయ్యేలోపు పెళ్లయిపోతే, భార్య అతని ప్రయారిటీ డేట్ (వరుసలో స్థానం తేల్చే తేదీ) మీదే వెనకాల వెళ్లొచ్చు. విడిగా ఐ-130 అక్కర్లేదు. మంజూరయ్యాక పెళ్లి జరిగితే ఆ దారి మూసుకుపోతుంది, ఎఫ్2ఎ వరుసే గతి. తేడా ఒక్క రోజైనా అంతే. ఆషాఢం, మూఢం, అన్నగారి సెలవు చూసి మనం వెనక్కి జరిపే లగ్నానికి ఇంత ఖరీదు ఉండొచ్చని సిద్ధాంతిగారికి తెలియదు. తెలియాల్సిన పని కూడా లేదు. లాయరుకి తెలుసు. కాకపోతే లాయరు దగ్గరికి మనం వెళ్లేది శుభలేఖలు పంచేశాకే.

ఈ తేదీ విషయం కొంచెం తెలిసినవాళ్లు ఇంకో పొరపాటు చేస్తారు. నిశ్చితార్థం కాగానే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్ట్రేషన్ కానిచ్చి, పెళ్లి ఆరు నెలల తర్వాత పెట్టుకుంటారు. హిందూ వివాహ చట్టం 8వ సెక్షను కింద ఇచ్చే సర్టిఫికెట్టు జరిగిన పెళ్లికి రుజువే తప్ప పెళ్లి కాదు. వీసా కోసం ముందుగా ఇలా రిజిస్టరు చేయించుకోవడాన్ని 2024లో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది కూడా. నిజంగా తొందరుంటే 1954 స్పెషల్ మ్యారేజ్ చట్టం ఉంది. ఇద్దరిలో ఒకరు జిల్లాలో 30 రోజులుగా ఉంటే నోటీసు ఇవ్వొచ్చు, తర్వాత 30 రోజులు ఆగాలి. మూడు వారాల సెలవులో వచ్చే పెళ్లికొడుకు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

శుభలేఖ మీద "బుధవారం రాత్రి 2-17 గంటలకు, తెల్లవారితే గురువారం" అని వేస్తాం. ఎంత ముచ్చటైన మాటో! కానీ వీసా ఆఫీసరు క్యాలెండరులో అది గురువారమే. రిజిస్ట్రేషన్ ఫారంలో బుధవారం తేదీ రాసి, పెళ్లి ఫొటోల్లో గురువారం ఉంటే ఇంటర్వ్యూలో సంజాయిషీ చెప్పుకోవాలి. బర్త్ సర్టిఫికెట్టులో పేరు గడి ఖాళీగా ఉంటే మన నగరపాలక సంస్థ జీవీఎంసీలో పేరు చేర్పించుకోండి. మొదటి పెళ్లి విడాకులు పెద్దమనుషుల కాగితం మీద అయి ఉంటే మాత్రం ఆగిపోండి. సాధారణంగా కోర్టు డిక్రీ కావాలి.

ఇక ఎవర్ని అడగాలి? ద్వారకానగర్ కన్సల్టెన్సీలు యూనివర్సిటీ అప్లికేషన్లకి పనికొస్తాయేమో. అమెరికా ఇమ్మిగ్రేషన్ మీద చట్టపరమైన సలహా ఇవ్వాల్సింది అక్కడి లైసెన్సున్న అటార్నీ, లేదా అక్కడి న్యాయశాఖ గుర్తించిన ప్రతినిధి. ఇది ఫెడరల్ చట్టం కాబట్టి అటార్నీ ఏ రాష్ట్రంలో ఉన్నా ఫర్వాలేదు. పేరు ఆ రాష్ట్ర బార్ వెబ్‌సైటులో కొడితే లైసెన్సు ఉందో లేదో తెలిసిపోతుంది. మీ తరఫున వాదిస్తున్నానని అటార్నీ ఇచ్చే జి-28 ఫారం మీద ఆయన సంతకం ఉందో లేదో చూడండి. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టమంటే లేచి వచ్చేయండి. మన రిజిస్ట్రేషన్లు, విడాకుల డిక్రీల సంగతి విశాఖ అడ్వకేటే చూడాలి, అది అమెరికా అటార్నీ పని కాదు.

అందరూ దాటేసే ప్రశ్న ఒకటుంది. ఆ లాయరు ఎవరి లాయరు? డబ్బు అబ్బాయి కడతాడు, లాయరు ఇద్దరి తరఫునా కాగితాలు వేస్తాడు. అలాంటప్పుడు ఒకరు చెప్పింది రెండోవాళ్ల దగ్గర దాచలేడు. రేపు ఇద్దరికీ పడకపోతే ఎవరి పక్షమూ వహించకుండా తప్పుకోవాల్సి వస్తుంది. అమ్మాయికి మాత్రం తెలియాల్సినవి చాలా ఉన్నాయి. భర్త సంతకం పెట్టే ఐ-864 పోషణ హామీ విడాకులతో రద్దు కాదు. షరతుల కార్డు మీదుండగా కాపురం చెడితే ఐ-751 ఒంటరిగా వేసుకునే దారి ఉంది. భర్త సిటిజనో గ్రీన్ కార్డో అయి హింసిస్తే, అతనికి తెలియకుండా తనంతట తానే గ్రీన్ కార్డు కోసం ఐ-360 దరఖాస్తు వేయొచ్చు. హెచ్-4 మీదున్న అమ్మాయికి ఆ రక్షణ లేదు, విడాకులతోనే స్టేటస్ పోతుంది. ఇవి చెప్పించుకోవడానికి అమ్మాయి తరఫున వేరే అటార్నీతో ఒక్క గంట చాలు. ఆ గంట ఫీజు మన పెళ్లిళ్లలో బ్యాండు మేళం ఖర్చు ముందు ఎంత? "నమ్మకం లేదా?" అని వియ్యాలవారు ముఖం ముడుచుకుంటారనే భయంతో మనం ఆ గంట వదిలేస్తున్నాం. పెట్టుపోతలు రాతకోతలతో తేల్చుకున్నప్పుడు లేని మొహమాటం ఇక్కడెందుకు?

సంఘం పెద్దలకి ఒక మనవి. వచ్చే డిసెంబరులో వీసా సలహాలు మైకులో చెప్పకండి. హాలు పక్కన ఒక గదిలో అటార్నీతో వీడియో కాల్ ఏర్పాటు చేయండి, ఒక్కో అమ్మాయికి అరగంట, అబ్బాయి తరఫువాళ్లెవరూ లోపల ఉండకూడదు. ఫారంలో "యూఎస్ సెటిల్డ్" తీసేసి సిటిజన్, గ్రీన్ కార్డు, హెచ్-1బి అని మూడు గళ్లు పెట్టండి. గ్రీన్ కార్డు మీద "రెసిడెంట్ సిన్స్" అని, ఆ హోదా మొదలైన తేదీ ఒకటి ఉంటుంది. అది రాయడానికి నక్షత్రం గడి పక్కనే ఇంకో గడి గీయండి.