ఘాటులో వెనుకబడ్డ తెలుగుజాతి

రాష్ట్రం విడిపోయినప్పుడు కూడా జాతికి ఇంత అవమానం జరగలేదని ఈ వ్యాసకర్త దృఢాభిప్రాయం. అమెరికాలోని దక్షిణ కరోలైనాలో ఎడ్ కరీ అనే పెద్దమనిషి పండించిన ‘పెప్పర్ ఎక్స్’ 2023లో ప్రపంచంలోకెల్లా ఘాటైన మిరపకాయగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. దాని ఘాటు 26,93,000 స్కోవిల్ యూనిట్లు. మన గుంటూరు సన్నం మహా అయితే 40 వేల దగ్గర ఆయాసపడుతుంది. ఈశాన్యం వాళ్ళ భూత్ జొలోకియా 2007లోనే పది లక్షలు దాటి గిన్నిస్‌లో కూర్చుంది. పచ్చడిలో కారం తగ్గిందని పెళ్ళిపందిట్లో వియ్యంకుణ్ణి నిలదీసే జాతి మనది. ఇంత జరిగినా అసెంబ్లీలో తీర్మానం లేదు, అఖిలపక్షం లేదు, కనీసం ఒక్కపూట బంద్ లేదు.

ఈ యూనిట్లలోనే ఏదో కుట్ర ఉందని నా అనుమానం. 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు మిరప సారాన్ని చక్కెర నీళ్ళలో కలిపి ఐదుగురికి రుచి చూపించాడు. వాళ్ళలో ముగ్గురు మంట తెలియడం లేదనేదాకా పలచన చేస్తూ పోయాడు. ఎన్ని రెట్లు పలచన చేస్తే అన్ని యూనిట్లు. ఇప్పుడు యంత్రాలు మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ అనే పదార్థం ఎంతుందో కొలిచి ఆ లెక్కలోకి మారుస్తున్నాయి గానీ, పునాది ఆ ఐదు నాలుకలే. వాటిలో మూడు పల్నాటివైతే మొదటి చుక్కకే “చప్పగా ఉంది, ఇంకాస్త వెయ్యి” అనేవి. శాస్త్రం అక్కడితో ఆగిపోయేది.

మన నోట్లో వేడిని పసిగట్టే గ్రాహకం ఒకటుంది. సుమారు 43 డిగ్రీలు దాటితే గంట కొట్టడం దాని ఉద్యోగం. క్యాప్సైసిన్ తగిలినా అది అదే గంట కొడుతుంది. నిప్పూ లేదు, కాలిందీ లేదు. మెదడు మాత్రం నమ్మేసి కన్నీళ్ళు, చెమట, చీమిడి అన్నీ ఒకేసారి విడుదల చేస్తుంది. ఈ గుట్టు విప్పినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్‌లో వాటా దక్కింది. తరతరాలుగా ఆ గంట కొట్టించుకుంటున్న మనకు ఆహ్వానపత్రికైనా రాలేదు. పక్షులకు ఈ మంట తెలియదు. చిలక పండుమిరపకాయ తిని, విత్తనాన్ని నలగకుండా ఎక్కడో విసర్జించి పోతుంది. నమిలి పాడుచేసే జంతువులు దగ్గరికి రాకూడదనే మిరపమొక్క ఇంత ఏర్పాటు చేసుకుంది. మనం ఆ హెచ్చరికకు నెయ్యి కలుపుకుని తింటున్నాం.

నెయ్యి కలపడం మంచిదేలెండి. క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే మంట పుట్టాక చెంబెడు నీళ్ళు తాగినవాడికి అది నోరంతా పాకడం తప్ప ఫలితం ఉండదు. పాలో పెరుగో తీసుకుంటే అందులోని కేసీన్ అనే ప్రొటీన్ ఆ మంటను పట్టి ఈడ్చుకుపోతుంది. ఆవకాయన్నం తర్వాత పెరుగన్నం పెట్టే క్రమానికి ఇంతకన్నా ఐఎస్ఐ మార్కు అక్కర్లేదు.

ఇక భద్రత. పిరికివాళ్ళ ప్రశ్న, అయినా జవాబిస్తాను. ఇంట్లో తినే కారంతో చాలామందికి వచ్చేది కాసేపు మంట, మహా అయితే మర్నాడు పొద్దున కాస్త పశ్చాత్తాపం. పోటీలకు తినే కారం సంగతి వేరు. అమెరికాలో పోటీలో కరోలైనా రీపర్ అనే ఘాటు మిరపకాయ తిన్న 34 ఏళ్ళ మనిషికి పిడుగు పడ్డట్టు తలనొప్పి వచ్చింది. స్కానింగ్‌లో మెదడు రక్తనాళాలు సన్నబడి కనిపించాయి. 2018లో ఆ కేసు వైద్యపత్రికకెక్కింది. ఇంకొకాయన భూత్ జొలోకియా ముద్ద పూసిన బర్గర్ తిని, వాంతుల ఉధృతికి అన్నవాహిక చిరిగి, 23 రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. 2023లో మసాచుసెట్స్‌లో 14 ఏళ్ళ పిల్లవాడు శవపేటిక ఆకారపు డబ్బాలో అమ్మిన ఒకే ఒక్క చిప్సు ముక్క తిని చనిపోయాడు. గుండెలో పుట్టుకతో వచ్చిన లోపం ఉందని, ఘాటు తిన్నాకే గుండె ఆగిందని పోస్ట్‌మార్టం నివేదిక చెప్పింది. దీని మీద నాకు హాస్యం రావడం లేదు. డబ్బా ఆకారం ఎంచుకున్నవాళ్ళకు వచ్చినట్టుంది.

అయినా మన ఊళ్ళలోనూ ఘాటు కోడిరెక్కల పోటీలొచ్చాయి. ముందు కాగితం మీద సంతకం, తర్వాత చేతికి గ్లవుజులు, చివర్లో గోడ మీద ఫొటో. మా బావమరిది బైకు లోను కాగితాలు చదివినంత శ్రద్ధగా ఆ కాగితం చదివాడు, అంటే చదవలేదు. చేతికి గ్లవుజు తొడిగి తినాల్సిన వస్తువును కడుపు ఏం తొడుక్కుని తీసుకోవాలో అందులో రాయలేదు.

ఇదే సరుకు నోట్లో పడితే వీరత్వం, కంట్లో పడితే నేరం. 2014 ఫిబ్రవరి 13న విభజన బిల్లు వేళ మన విజయవాడ ఎంపీ ఒకరు లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టారు. సభ్యులు పార్టీలకతీతంగా దగ్గారు. తెలుగువారి ఘాటును జాతీయస్థాయిలో గుర్తించిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

పోటీల నిర్వాహకులకు ఒక సూచన. అమెరికా నుంచి సాసు తెప్పించే ఖర్చు దండగ. ఎండాకాలం గుంటూరు యార్డుకో, ఖమ్మం మార్కెట్టుకో రండి. తేజా రకం మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, విప్పిన చోట, ముక్కుకు కొంగు కట్టుకుని తొడిమలు తీసే ఆడవాళ్ళ పక్కన అభ్యర్థులను కూర్చోబెట్టండి. నియమాలు తేలిక. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దగ్గొచ్చినా లేవకూడదు, మండే చేత్తో కళ్ళు తుడుచుకోకూడదు. గ్లవుజులు ఉండవు, సంతకానికి కాగితం ఉండదు, ఫొటో అసలే ఉండదు. ఇంకా ఏడవాలని ఉన్నవాళ్ళకు రెండో రౌండు: మిర్చి పండించి అమ్మడం. 2025లో ధర కూలిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చినప్పుడు ఆ రౌండులో ఎంతమంది కళ్ళు మండాయో స్కోవిల్ లెక్కకు అందదు.

మా బావమరిదిని మొదటి రౌండుకు పేరివ్వమన్నాను. తనకు డస్ట్ ఎలర్జీ ఉందన్నాడు.