ఆఫ్ గారికి ఒక మొర

మహారాజశ్రీ ఆఫ్ గారికి,

నమస్కారం. చూడ్డానికి మూడే ఇంగ్లిషు అక్షరాలు (off) మీరు. స్విచ్ మీద ఒంటరిగా కూర్చున్నంతసేపూ బుద్ధిమంతులే. ఆపేయడం, అంతే. ఏదైనా క్రియ పక్కన చేరారా, ఇక మిమ్మల్ని పట్టుకోవడం మా తరం కాదు.

'గో' అంటే వెళ్లడం, పసిపిల్లలకూ తెలుసు. మీరు దాని భుజం మీద చెయ్యేశాక లైట్లు 'గో ఆఫ్' అంటే ఆరిపోతాయి, అలారం 'గో ఆఫ్' అంటే మోగుతుంది. పాలు పాడవుతాయి. బాంబు పేలుతుంది. అర్ధరాత్రి ఎవరో ఫోన్ చేసి 'ఏదో గో ఆఫ్ అయింది' అంటే ముసుగు తన్ని పడుకోవాలా, పరిగెత్తాలా?

'టేక్ ఆఫ్' అంటే విమానం ఎగురుతుంది, చొక్కా విప్పుతారు, వ్యాపారం పుంజుకుంటుంది, మనిషైతే చెప్పాపెట్టకుండా ఉడాయిస్తాడు. విమానాలు లేని 1755లోనే ఇంగ్లిషు నిఘంటుకారుడు శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు ముందుమాటలో పరదేశీయులను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది మీలాంటివారి పొత్తేనని రాశాడు. అక్కడ 'టేక్ ఆఫ్'కు ఆయన ఇచ్చిన అర్థం అనుకరించడం! అలాంటివన్నీ ఎంతో జాగ్రత్తగా పోగేశానని కూడా చెప్పుకున్నాడు, పాపం.

మీటింగ్ 'కాల్ ఆఫ్' అయితే రద్దు, 'పుట్ ఆఫ్' అయితే వాయిదా. మొదటిదానితో ప్రాణం హాయి, రెండోదానితో టెన్షన్ అలాగే ఉంటుంది. 'డ్రాప్ ఆఫ్' ఇంకా ప్రమాదం. మనుషుల్ని దించి రావడమూ అదే, కునుకు తీయడమూ అదే. డ్రైవరు రెండిట్లో ఏది చేస్తాడో తేల్చుకున్నాకే కారెక్కాలి.

కూర్చునే చోటు విషయంలోనూ మీ పట్టింపులు మీవే. బూట్లను పేరుపెట్టి చెబితే 'టేక్ ఆఫ్ ద షూస్' అన్నా సరే, 'టేక్ ద షూస్ ఆఫ్' అన్నా సరే. 'వాటిని' అన్నామో, చచ్చినట్టు 'టేక్ దెమ్ ఆఫ్' అనాలి. సర్వనామాలు మీకేం అన్యాయం చేశాయండీ?

అన్నట్టు, ఒక్క ఎఫ్ ఉన్న ఆ తమ్ముడుగారు (of), మీరు ఒకప్పుడు ఒకటే మాటట. 17వ శతాబ్దానికిగానీ పూర్తిగా వేరుపడలేదట. మా తెలుగు లిపిలో అయితే ఇప్పటికీ ఉమ్మడి కాపురమే.

కొన్నాళ్లు సెలవు తీసుకోండి మహాప్రభో అని వేడుకుందామంటే, సెలవు తీసుకోవడాన్ని కూడా 'టేక్ ఆఫ్' ఖాతాలోనే రాసుకున్నారు!

ఇట్లు,
డిక్షనరీలో మీ పేజీ దాటలేకపోతున్న
ఒక పాఠకుడు