పదిహేడు గ్రాముల దుఃఖం

మా మిత్రుడు శోకంలో ఉన్నాడు. తెప్పించుకున్న సైకిల్ రిమ్ము 380 గ్రాములని డబ్బా మీద ఉంది. కాటా మీద పెడితే 397 వచ్చింది. పరామర్శకు వెళ్లాను. వెళ్లక తప్పుతుందా!

ఆయన బరువు 92 కిలోలు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

డైనింగ్ టేబుల్ మీద రిమ్ము, దాని కింద ఆవకాయకు కారం తూచే కాటా. ముందు ఫ్యాన్ ఆపాడు, గాలికి అంకె కదులుతుందట. స్టిక్కరు గోకేశాడు: 396. లోపల అల్యూమినియం పొట్టు ఉందేమోనని వాల్వు రంధ్రంలోంచి ఊదాడు. 395. ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డట్టు ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టాం. "ఆ కాటా ఓసారి ఇస్తారా, ఆవపిండి తూచుకోవాలి" అని వాళ్లావిడ అడిగితే "ఇప్పుడా?" అని కసిరాడు. చివరికి, బంగారం కొట్లో తూయిస్తేగానీ నిజం తేలదని రిమ్ము భుజాన తగిలించుకుని బయల్దేరాడు. సేటు గీటురాయి తీశాడో లేదో తెలియదు.

లెక్క నేనూ వేశాను. మనిషీ సైకిలూ కలిపి వంద కిలోలు. రెండు రిమ్ముల్లో కలిపి వంద గ్రాములు తగ్గితే, గంటసేపు ఎక్కే ఘాట్‌లో కలిసొచ్చేది నాలుగు సెకన్ల లోపే. చక్రం అంచున ఉన్న బరువు రెట్టింపు కింద లెక్కంటారు. అది వేగం పెంచేటప్పుడు. ఒకే వేగంతో ఎక్కేటప్పుడు గ్రాము గ్రామే. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ పోటీల్లోనే సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదు. మావాడు పోటీ పడేది ఇడ్లీ చల్లారకముందే టిఫిన్ సెంటర్ చేరడానికి.

చక్రం కట్టిన పెద్దాయన ఒక్కో పుల్లా మీటి, శ్రుతి విని బిగువు చూస్తాడు. "సార్, వెనక చక్రంలో గేర్ల వైపు పుల్లల మీదే లాగుడంతా. మీ బరువుకి ఈ పల్చటి రిమ్మూ, 20 పుల్లలూ ఆగవు. కాస్త మందం రిమ్ముకి 32 వేయించుకోండి" అన్నాడు. మావాడు నవ్వాడు. ఏడాది తిరక్కుండానే అటువైపు రంధ్రాల దగ్గర రిమ్ము పగుళ్లిచ్చింది.

ఎవరి మీదికి వెళ్లాడనుకున్నారు? గ్రాములు బొద్దక్షరాల్లో, మోయగల బరువు చీమతలంత అక్షరాల్లో అచ్చేసినవాడి మీదికా? కాదు, వద్దని చెప్పిన ఆ ముసలాయన మీదికి! కట్టుకూలి వెనక్కిమ్మన్నాడు. గొడవెందుకని ఆయన ఇచ్చేశాడు. సిగ్గుండాలి తీసుకోడానికి! ఆ చేతుల్ని నమ్మి కదా ఘాట్‌లో బ్రేకు వదిలి దిగావు!

కొత్త రిమ్ము వచ్చింది. డబ్బా మీద 365 అని ఉంది. కాటా మళ్లీ టేబుల్ ఎక్కింది. ఈ ఏడు ఆవకాయ వాళ్లావిడ కంటికొలతతోనే కలిపింది. బ్రహ్మాండంగా కుదిరింది.